మడుగు పక్క కాపురం

పోయిన నెల జమ్మలమడుగులో కంటి డాక్టరుకు చూపించుకుని ప్రొద్దుటూరికి తిరిగి వస్తుంటే దారి పక్కన ఒక నీలం బోర్డు కనిపించింది. కొత్తది. ఇంకా దాని మీద ఎవరూ సినిమా పోస్టరు అంటించలేదు. కళ్లలో మందు వేసి ఉండటం వల్ల అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు కనబడ్డాయి. కారు నడుపుతున్న మా మరిది కొడుకును ఆపమన్నాను. వాడు విసుక్కోకుండా దిగి, చదివి వచ్చి చెప్పాడు. "ఇది చిత్తడి నేల, దీన్ని కాపాడుకునేది మన అందరి బాధ్యత అని రాసినారు పెద్దమ్మా. ఏముండాది ఆడ, దోమలు తప్ప!" అద్దం దించి చూశాను. మసక మసకగా పచ్చటి జమ్ముగడ్డి, దాని వెనక ఎండకు మెరుస్తున్న నీళ్లు. చూపు సరిగా ఆనకపోయినా వాసన మాత్రం తిన్నగా వచ్చింది. నానిన వేర్ల వాసన, బురద వాసన, అందులో ఎక్కడో సన్నగా చేప వాసన. ఎనభై దాటిన మనిషిని, మందు వేసిన కళ్లతో కారులో కూర్చుని, ఆ వాసన కోసం ఎంతసేపు మెడ చాపి ఉన్నానో! "పోదామా పెద్దమ్మా?" అని వాడు అడిగేదాకా కదల్లేదు.

చిత్తడి నేల అనే మాట అప్పట్లో మేమెవరం అనలేదు. ఊళ్లో అందరూ మడుగు అనేవాళ్లు. ఆఫీసు కాగితాల్లో పొరంబోకు అని ఉండేది. ఆ నీళ్ల పక్కనే నా కాపురం మొదలైంది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా ఆయన ఓవర్సీరు. చిన్న చిన్న చెరువులు, కుంటలు, కాలువల పనులు చూసే ఉద్యోగం. నేను నెల్లూరు దగ్గర, పెన్న సముద్రంలో కలవబోయే చోట పుట్టి పెరిగినదాన్ని. "నువ్వు పోయేదీ పెన్న ఒడ్డు ఊరేనంట కదా, నీకేం కొత్త?" అని మా అమ్మ ధైర్యం చెప్పి పంపింది. బస్సు దిగి చూస్తే పెన్నలో ఎడ్లబండ్లు పోతున్నాయి. ఇసుక, ఇసుక, ఇంకా ఇసుక. ఇదే నది మా రేవులో పడవలు మోసేదంటే నమ్మబుద్ధి కాలేదు. మా పుట్టింటివాళ్లకు పై ఊళ్లో ఇలాంటి పేద బంధువు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదే అనుకున్నాను.

మాకు ఇల్లు ఇచ్చింది ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. ఆయన్ని నేను మామా అని పిలిచేదాన్ని. నాపరాళ్ల గోడలు, పైన మట్టిమిద్దె, పెరట్లో ఒక బావి. ముందు వాకిలి పై వీధిలోకి తెరుచుకునేది. వెనక వాకిలి తీస్తే మడుగు. నల్లరేగడి చేలు ఉన్న కాపులంతా పై వీధిలో, కూలీనాలీ చేసుకునేవాళ్లంతా కింది వీధిలో. మా ఇల్లు రెంటికీ మధ్య, ఎవరికీ చెందనట్టు ఉండేది. పై వీధి ఆడవాళ్లు మొదటివారం వరసగా వచ్చి నన్ను చూసి వెళ్లారు. నా మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ల మాట విని నేను బెదిరిపోయాను. ఎవరైనా "ఏంది?" అంటే కొట్టడానికే వచ్చారనుకునేదాన్ని. రెండోవారం నుంచి ఎవరూ రాలేదు, నేనూ పోలేదు.

మా ఆయన మంచివాడు. చెడ్డ అలవాట్లేవీ లేవు. మాట్లాడే అలవాటు కూడా లేదు. ఇంట్లో మాటలకు సైతం ఎస్టిమేటు వేసుకుని, అందులో కొంత కోసేసి మంజూరు చేసేవాడు. "కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే తల ఊపేవాడు. ఆ ఊపింది అవుననా, కాదనా అన్నది నేను తేల్చుకోవాలి. పొద్దున్నే బావి దగ్గర తనే నీళ్లు తోడుకుని స్నానం చేసి, సైకిలెక్కి వెళితే మళ్లీ దీపాలవేళకే రావడం. వంట ఎంతసేపు? గిన్నెలు తోమడం ఎంతసేపు? మధ్యాహ్నమయ్యేసరికి ఇంట్లో పనులన్నీ అయిపోయి నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. వెనక గడపలో కూర్చుని మడుగు చూసేదాన్ని. వానాకాలంలో ఊరివాళ్లు వంక అనే పడమటి వాగు పొంగి వచ్చి ఆ పల్లంలో నిలబడేది. పెన్నకు పెద్ద వరద వస్తే ఆ నీళ్లు కూడా వెనక్కి తన్నుకొచ్చేవి. మనిషి ఎత్తు జమ్ము, అంచుల్లో తుంగ, మధ్యలో ఆకాశం పడ్డంత మేర నీళ్లు. దీపావళి దాటాక ఎక్కడెక్కడి బాతులో దిగేవి. ఆ నీళ్లు నిండి పొర్లితే వంకలోకి, వంకలోంచి పెన్నలోకి, పెన్నలో పడి పోయి పోయి మా అమ్మ నీళ్లు ముంచుకునే రేవుకు చేరతాయి కదా అని లెక్క కట్టుకునేదాన్ని. ఉత్తరం రాయడానికి కొత్త సంగతులేమీ లేని రోజుల్లో ఆ లెక్క కొంచెం తోడుగా ఉండేది.

అలా కూర్చున్న ఒక సాయంత్రం జమ్ములోంచి ఒక మనిషి బయటికి వచ్చింది. నడుముదాకా తడిసిన చీర, చేతిలో కొడవలి, నెత్తిన పచ్చి జమ్ము మోపు. తిన్నగా నా ముందుకొచ్చి నిలబడి, "యాడనుంచి వచ్చినావు పాపా? పొద్దస్తమానం ఈ గడపలో కూసోని ఏం జేస్తాండావు?" అంది. ఆ గొంతుకు భయపడి లేచి లోపలికి పోబోయాను. ఆమె పకపకా నవ్వింది. "తాగేకి నీళ్లడుగుదామని వస్తే ఉరుకుతాండావే!" అంది. చెంబుతో నీళ్లిచ్చాను. గుక్క తిప్పుకోకుండా తాగి, మోపు దించి, నా పక్కనే గడపలో చతికిలబడింది. ఆ ఇంట్లో నా పక్కన అలా అడక్కుండా కూర్చున్న మొదటి మనిషి ఆమె.

ఆమెను ఊళ్లో పరుపులక్క అనేవాళ్లు. దూదేకులవాళ్లు. ముస్లిములే గానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. భర్త దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక చంటి మగపిల్లాడు. ఆమె దిండ్లు, పరుపులు కుట్టేది. ఉన్నవాళ్లకు పత్తి దూది, లేనివాళ్లకు జమ్ము కంకుల నుంచి తీసిన బూరు. నాకొక బూరు దిండు కుట్టి తెచ్చింది. అంత మెత్తటి దిండు మీద నేను అంతకు ముందు తల పెట్టలేదు. అయితే దాని కుట్టు ఒకచోట వదులైంది. మర్నాడు మా ఆయన తలనిండా తెల్లటి బూరుతో, గమనించకుండా, జమ్మలమడుగులో పై అధికారి ముందు నిలబడ్డాడట. "ఏమయ్యా, ఇంతలోనే నెరిసిపోయావు!" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆయన ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆ సంబరంలో దిండుకు కుట్టు వేయడం ఇంకో రెండు రోజులు ఆలస్యం చేశాను.

పరుపులక్క వల్లనే మడుగు నాకు తెలిసింది. కింది వీధి ఆడవాళ్లంతా అక్కడే బతికేవాళ్లు. చాపలకు జమ్ము, కొట్టాల కప్పుకు జమ్ము, మేకలకు అంచుల్లో గడ్డి, కూర లేని రోజున చిన్న చేపలు. అయితే ఎవరికి తోచినట్టు వాళ్లు దిగేవాళ్లు కాదు. నీటికోళ్ల పిల్లలు పెరిగి లేచిపోయేదాకా జమ్ములో కొడవలి పెట్టకూడదు. ఒక పక్క కోస్తే ఇంకో పక్క ఆ ఏటికి వదిలేయాలి. "ఈ కట్టుబాటు ఎవరు పెట్టారక్కా?" అని అడిగాను. "ఎవురు బెట్టేదేంది? మేమే" అంది. నాకు చాప అల్లడం నేర్పింది. మొదటి చాప ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. "దీని మింద కుంటోడు పండుకుంటే సరిపోతాది" అని నవ్వి, విప్పి మళ్లీ అల్లించింది. ఆమె మాటల్లోని బిరుసు తగ్గలేదు, నాకే ఆ బిరుసు మెత్తబడింది.

మడుగును ఎండబెట్టే ఆలోచన మా ఆయనది కాదు. అది మద్రాసులో పుట్టి కర్నూల్లో నడక నేర్చింది. దేశానికి తిండి చాలని కాలం. ఎక్కడ జానెడు నేల ఖాళీగా కనిపించినా పంట పెట్టాలని ప్రభుత్వం ఆరాటం. మడుగుకూ పెన్నకూ మధ్య ఉన్న మిట్టను తెగ్గొట్టి కాలువ తవ్వితే నీళ్లు దిగిపోతాయి, దోమలు పోతాయి, ఆరిన నేల రైతులకు పంచితే వరి పండుతుంది. వినడానికి బాగానే ఉండేది. పందిరి వేసి సభ పెట్టారు. పై వీధి మగవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు మామ అందరికంటే గట్టిగా కొట్టాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. మాకు రోజూ పెరుగు పంపే మనిషి. సభ అయ్యాక మా అరుగు మీద కూర్చుని అన్నాడు: "పాపా, మా ఇంట్లో దినామూ జొన్న సంగటే. వరిబువ్వ పండగనాడే. నా మనవళ్లు దినామూ వరిబువ్వ తినేది నేను సూడాల." ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు చూశాను. నేనేమో వరి ఆకుమళ్ల మధ్య పుట్టి, అన్నం అంటే వరి అన్నమేననుకుని పెరిగినదాన్ని.

ఆ రోజు మా ఆయనకు వడ్డిస్తూ, "జమ్ము కోసుకునేవాళ్లను అడిగారా?" అన్నాను. ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. "అది పొరంబోకు. ఎవరి పేరా లేదు. ఎవరినని అడగను?" అన్నాడు. మాటలో దురుసు లేదు. నిజంగానే ఎవరిని అడగాలో తెలియనివాడి మాట. మర్నాడు పరుపులక్కకు ఈ సంగతి నేను చెప్పలేదు. ఆమెకు ముందే తెలుసు. "మీ ఆయన తవ్విస్తాండాడంట గదా" అని మాత్రం అని, చాప అల్లుతూ కూర్చుంది.

ఎండాకాలంలో కాలువ తవ్వారు. నీళ్లు తెగిన రోజు జాతరలా ఉంది. పెన్న ఇసుకలోకి బురదనీళ్లు పోతుంటే ఊరంతా గంపలు పట్టుకుని చేపల కోసం ఎగబడింది. వారంలో మడుగు అడుగు కనబడింది. జమ్ము ముందు పసుపుగా, తర్వాత గోధుమరంగుగా మారి వాలిపోయింది. సాయంత్రం గడపలో కూర్చుంటే ఏ చప్పుడూ లేదు. అంతకు ముందు అక్కడ అంత చప్పుడు ఉండేదని, అది లేకుండా పోయాకే తెలిసింది.

తర్వాత బావులు. మాకు తేడా ముందు కనబడింది మా బావిలోనే. పొద్దున స్నానానికి నీళ్లు తోడుతూ మా ఆయన చేంతాడుకు ఇంకో మూర తాడు ముడివేశాడు. కొన్నాళ్లకు ఇంకో మూర. ఒక రోజు పుక్కిలించిన నీళ్లు ఊసి, మళ్లీ దోసిట్లోకి తీసుకుని రుచి చూసి, అలాగే నిలబడిపోయాడు. ఉప్పు. తువ్వాలు భుజాన వేసుకుని, స్నానం మానేసి, కింది వీధి బావుల వైపు నడిచాడు. ఆ వీధిలో అప్పటికే ఆడవాళ్లు తాగేనీళ్ల కోసం పెన్నలోకి పోయి చెలమలు తవ్వుకుంటున్నారు. ఎండలో, ఆ కాలే ఇసుకలో, బిందె నిండేదాకా చిప్పతో తోడుకుంటూ కూర్చోవాలి. నేనూ పోయేదాన్ని. ఓవర్సీరు పెళ్లాం వస్తే పక్కకు జరిగి చోటిచ్చేవాళ్లు. మాట మాత్రం ఆపేసేవాళ్లు.

పరుపులక్క వాళ్లు ఆ ఎండల్లోనే వెళ్లిపోయారు. పొద్దున వెనక వాకిలి తీస్తే వాళ్ల బండి కనబడింది. ఏకిన దూది మూటలు, విల్లు, వంట గిన్నెలు, పైన పిల్లలు. "జమ్ము లేదు, నీళ్లు లేవు. ఈడ ఉండి ఏం జేస్తాం పాపా? పొద్దుటూర్లో మా ఆయనకు పత్తిమిల్లులో పని దొరికింది. పోతాండాం" అంది. నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే ఏదో ఒకటి జవాబు చెప్పుకునేదాన్ని. పోవద్దు అనడానికి నాకు నోరెక్కడిది? బండి నెర్రెలు బారిన మడుగు అడుగు మీదుగా అడ్డదారిన పోయింది. అదివరకు అక్కడ బండి పోయే దారే లేదు. ఎండిన నేల మీద కనుచూపు మేరా అడ్డం లేకపోవడంతో చాలాసేపు కనిపిస్తూనే ఉంది.

ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆయన, నేనడక్కుండానే, మా కాపురంలో అంతవరకూ ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. "పైన మంచినీళ్లు నిలబడినన్నాళ్లు అడుగునున్న ఉప్పునీళ్లు అణిగి ఉన్నాయి. నేను మడుగును ఒక్కదాన్నే కొలిచాను. బావుల్ని కొలవలేదు" అన్నాడు. మర్నాడే కాలువను ఇంకా లోతు చేసే పని ఆపించాడు. పూడ్చడానికి పైవాళ్లను అనుమతి అడిగితే, ఎండబెట్టడానికి నిధులున్నాయి గానీ తడపడానికి లేవన్నారు. ప్రెసిడెంటు మామ అరుగు ఎక్కకుండా వీధిలోనే నిలబడి అరిచాడు. "నోటికాడికొచ్చిన బువ్వ లాగేస్తాండావు ఓవర్సీరప్పా! మా కడుపు గొట్టి నువ్వేం బావుకుంటావు?" ఆ పూట నుంచి మాకు పెరుగు రాలేదు. చాకలి రాలేదు. పై వీధిలో నడిచిపోతుంటే తలుపులు దగ్గరికి పడేవి. అంతవరకూ నా ఒంటరితనం నా సొంతం. అప్పటినుంచి అది ఊరంతా కలిసి పెట్టింది. ఒక్కటే తేడా, ఈసారి అందులో మేమిద్దరం ఉన్నాం. ఆయన సాయంత్రాలు త్వరగా వచ్చి, నా పక్కనే వెనక గడపలో కూర్చునేవాడు. ఎదురుగా ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్నే ఇద్దరం చూసేవాళ్లం.

రెండు వానలు పడి ఎండ కాశాక మడుగు నేల మీద తెల్లగా పేరుకుంది. మొదట ముగ్గు చల్లినట్టు, తర్వాత సున్నం పోసినట్టు. ప్రెసిడెంటు మామ నారు పోయించిన నేల ముక్క మొత్తం మాడిపోయింది. ఒకరోజు పొద్దున ఆయన మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. తువ్వాలు కొంగులో తెచ్చిన మట్టిని మా ఆయన ముందు పోశాడు. "వరి పండుతాదనుకుంటిమి. ఉప్పు పండె" అన్నాడు. చేతికంటిన మట్టి దులుపుకుంటూ, "మా బాయి గూడా ఉప్పు దేలింది. ఎద్దులు తొట్లో మూతి బెట్టలా. నోరు లేని జీవాలు, వాటికి యాడ నీళ్లు తెచ్చేది? ఇప్పుడేం జేద్దాం చెప్పప్పా" అన్నాడు. ఒక్క ఏడాదిలోనే ఆయన ఎంత ముసలివాడయ్యాడో దగ్గర్నుంచి చూస్తే తెలిసింది. నేను లోపలికి పోయి కాఫీ కలిపాను. పాలు లేవు. నల్లకాఫీయే ఇస్తే తాగాడు. సాయంత్రానికి వాళ్లింటి నుంచి పెరుగు వచ్చింది.

మా ఆయన కొత్త పటం గీశాడు. కాలువను పూడ్చి, నీళ్లు ఒక ఎత్తు దాటితేనే పొర్లిపోయేలా రాతితో మరవ కట్టాలి. మడుగు మడుగులాగే ఉంటుంది. తీపి నీళ్లు తేలాక అంచు చేలకు బావుల కింద కొంత తడిపంట వేసుకోవచ్చు. పై అధికారి స్వయంగా వచ్చి, బావి నీళ్లు నాలుక మీద వేసుకుని చూసి, మొహం చిట్లించి, ఒప్పుకున్నాడు. రాయి, సున్నం, తాపీ పని ప్రభుత్వానివి. మట్టిపని ఊరివాళ్లది. ఇకమీదట మడుగును ఎవరూ తెగ్గొట్టకూడదని పంచాయతీ తీర్మానం చేయాలి. ఆ సభకు మా ఇంటి ముందు అంతా కూర్చున్నాక మా ఆయన లేచి, "కింది వీధి ఆడవాళ్లు రాలేదు. వాళ్లొచ్చాక మొదలుపెడదాం" అని మళ్లీ కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. వాళ్లొచ్చేదాకా పై వీధి మగవాళ్లు గొణుక్కుంటూ బీడీలు కాల్చారు. వచ్చినవాళ్లలో ఒక ముసలామె నిలబడే అంది: "మమ్మల్ని ముందే అడిగింటే తవ్వే పనీ, పూడ్చే పనీ రెండూ తప్పుతాండె గదప్పా." ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆమే మొదట నవ్వింది. జమ్ము కోతకు వాళ్ల కట్టుబాట్లే ఉంచాలని కూడా తీర్మానంలో రాశారు.

మట్టిపని మొదలైన రోజు పార పట్టుకుని ముందు దిగింది ప్రెసిడెంటు మామే. ఆయన తవ్విన మట్టి కింది వీధి ఆడవాళ్ల గంపల్లో పడింది. నేను ఇంట్లో ఉండలేక పోయి వరసలో నిలబడ్డాను. ఉద్యోగస్తుడి పెళ్లాం మట్టి మోయడం ఆ ఊరికి వింత. కొందరు పని ఆపి చూశారు. గంప నిండింది గానీ ఎత్తుకోవడం నాకు రాలేదు. పక్కనున్నామె వంగేలోపల మా ఆయన టేపు కింద పడేసి వచ్చి, రెండు చేతులా గంప ఎత్తి నా నెత్తిన పెట్టాడు. చుట్టగుదురు జారితే సరిచేశాడు. "మెల్లగా" అన్నాడు. పెళ్లిపీటల తర్వాత నలుగురి ఎదుటా ఆయన నా దగ్గరకొచ్చి నిలబడింది ఆ ఒక్కసారే. ఆ పనంతా జరిగిన రోజుల్లో నేను వరస ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పరుపులక్క కోసం చూస్తూనే ఉన్నాను. ఆమె ప్రొద్దుటూర్లో ఉందని తెలుసు. అయినా చూశాను.

ఆ ఏడు వంక వచ్చింది. నీళ్లు నిలబడ్డాయి. చచ్చిపోయిందనుకున్న జమ్ము వేరులో ప్రాణం దాచుకుని ఉందేమో, పిలకలు వేసింది. బావులు మాత్రం తొందరపడలేదు. నీళ్లు తియ్యబడేసరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. మరవ కట్టి ఏడాది దాటాక అక్కడినుంచి ఒక కాగితం వచ్చింది, మడుగును ఎండబెట్టే పని రెండో దశకు మంజూరు అయిందని. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మడిచి పక్కన పెట్టి, స్నానానికి లేచాడు. మరికొన్నాళ్లకు పులివెందులకు బదిలీ. ఆ కాగితాన్ని లెక్కచేయనందుకేనని ఊళ్లో అన్నారు. మామూలు బదిలీయేనని ఆయన అన్నాడు. బస్సు దగ్గరికి ప్రెసిడెంటు మామ వచ్చి, జొన్నల మూట బస్సు పైకి ఎక్కించాడు. "వరి పండినాక బియ్యం పంపుతా" అన్నాడు. పంపాడు కూడా, ఒక్కసారి.

పులివెందులలో మేమున్న ఇంటికి వెనక వాకిలి లేదు. ఎటు చూసినా చెనిక్కాయ చేలు, రాళ్లు. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. ఆయన మళ్లీ ఎప్పటి మనిషే అయ్యాడు, పొద్దున సైకిలు, సాయంత్రం మౌనం. నేను మధ్యాహ్నాల్లో పరుపులక్కతో మాట్లాడుకునేదాన్ని, మనసులోనే. జమ్ము మళ్లీ వచ్చిందనీ, నీటికోళ్లు దిగాయనీ, వాళ్ల కట్టుబాటు తీర్మానంలో ఎక్కిందనీ ఎన్నిసార్లు చెప్పానో! ప్రతిసారీ ఆమె నవ్వేది. అలా చాలా ఏళ్లు గడిచాక ప్రొద్దుటూరికి బదిలీ అయింది. సామాను సర్దడం కూడా పూర్తి కాకుండానే పరుపుల దుకాణాలున్న వీధికి బయలుదేరాను. ఒక్కొక్క దుకాణంలో అడుగుతూ పోతే నాలుగోదో ఐదోదో, లోపల దూది గుట్ట పక్కన కూర్చుని, కుర్రాడెవర్నో కేకలేస్తున్న గొంతు వినబడింది. మొహం చూడకముందే గుర్తుపట్టాను.

"ఎవురు పాపా?" అంది. ఒళ్లు చేసింది, చేతికి వెండి కడియాలు. ఆ కుర్రాడు నాడు బండి మీద కూర్చున్న చంటిపిల్లాడు. నేనెవరో చెప్పాను. కళ్లు చిట్లించి చూసింది. "ఓవర్సీరమ్మా? ఆఁ ఆఁ, మడుగూరు గదా. ఒగ రెండేండ్లు ఉంటిమి ఆడ" అంది. రెండేళ్లేనా? ఆమె అక్కడే పుట్టి పెరిగిందనే నేను అన్నాళ్లూ అనుకున్నాను. "అంతకు ముందు ఖాజీపేట తట్టు ఉంటిమి, దానికి ముందు ఇంగో ఊరు. యాడ పని ఉంటే ఆడ" అంది. జమ్ము మళ్లీ పెరిగిందని చెప్పాను. "రానీలే. ఆ నీళ్లల్లో దిగి దిగి కాళ్లు పుండ్లు బడె. ఆ సలుపు ఇప్పటికీ పోలా. ఈడ శానా నయం" అని, మళ్లీ తనే అడిగింది, "బాయి నీళ్లు మల్ల తియ్యగైనాయా?" అయ్యాయన్నాను, రెండేళ్లు పట్టిందన్నాను. "అదీ కావాల్సింది. పిల్లోల్లుండే ఊరు" అంది. "నీకెంతమంది పిల్లోల్లు?" అనీ అడిగింది. లేరన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, కొడుకును టీ తెమ్మని పంపింది. ఇంతలో పెళ్లికి పరుపులు కావాలంటూ ఎవరో పెద్ద బలగంతో వచ్చారు. ఆమె లేచి వాళ్లకు దూది చూపించడంలో పడింది. టీ తాగి, వస్తానక్కా అని చెప్పాను. అంత గోలలో ఆమెకు వినబడిందో లేదో.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పెట్టెలు విప్పుతున్నాడు. "కనబడిందా?" అన్నాడు. కనబడిందన్నాను. "బాగుందా?" అన్నాడు. బాగుందన్నాను. వరసగా రెండు ప్రశ్నలడగడం ఆయనకు చాలా ఎక్కువ. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ప్రెసిడెంటు మామ అంతకు ముందే పోయాడు. ఆ రోజుల్లో నేనేదైనా తప్పు చెబితే కాదని దిద్దడానికి ఇప్పుడు ఎవరూ లేరు. పరుపులక్క మీద నాకు ఏ కినుకా లేదు. ఆమె తిరిగిన ఊళ్లలో అదొక ఊరు, కోసిన కోతల్లో అదొక కోత. నేను మాత్రం ఆ రెండేళ్లలోనే కూర్చుని తక్కిన ఏళ్లన్నీ గడిపాను. ఒకే గడపలో పక్కపక్కన కూర్చున్నవాళ్లకైనా కాలం ఎవరి పాలు వాళ్లకు వేరుగానే పంచి పెడుతుంది. ఆ సంగతి మాత్రం పంచుకోవడమంతా అయిపోయాకే తెలుస్తుంది.